మూడో మెత్త నుంచి ఇంటి దాకా

పెద్దమామ పోయిన కబురు శుక్రవారం పొద్దున బహ్రెయిన్‌లో, హూరాలోని మా గదికి ఫోన్‌లో వచ్చింది. మా ఆయన స్నానానికి వెళ్ళారు. తెలియని నంబరైతే నేను ఎత్తను, నాకు ఇక్కడి మాట రాదు. మూడోసారి కూడా మోగుతుంటే ఎత్తి చెవికి ఆనించుకున్నాను. అవతలి మనిషి హిందీలో గబగబా ఏదో చెప్పి, చివర "గ్రౌండ్‌వాలా చాచా ఖలాస్" అన్నాడు. ఇక్కడ డ్యూటీ ముగిసినా, గ్యాస్ అయిపోయినా ఆ మాటే అంటారు. పెద్దమామకు ఇవాళ పని తొందరగా ముగిసిందేమో, మా ఇంటికి అన్నానికి వస్తారేమో అనుకుని రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ కడిగాను. మా ఆయన వచ్చి తిరిగి ఫోన్ చేసి, తడి తలతో నేల మీద కూర్చుండిపోయాక గానీ నాకు అర్థం కాలేదు.

పెద్దమామ అంటే మా మామగారి అన్న. జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి సముద్రం దాటిన మొదటి మనిషి. ఊళ్ళో ఈనాటికీ ఆయన దుబాయిలో ఉన్నాడనే అంటారు. ఆయన ఉన్నది మాత్రం బహ్రెయిన్‌లో, అవాలిలో, ఒక పాత బేస్‌బాల్ గ్రౌండులో. ఆ గ్రౌండు ఊడ్చేదీ, గేటు తీసేదీ, సున్నం గీతలు గీసేదీ ఆయనే. ప్రేక్షకుల మెట్ల వెనక చిన్న గదిలో ముప్పై ఏళ్ళు ఉన్నారు. నేను ఏడో తరగతి దాకానే చదివాను. ఇలాంటివి రాసే అలవాటు లేదు. అయినా ఆయన చివరి రెండేళ్ళ శుక్రవారాలు చూసింది మేమిద్దరమే. మేం చెప్పకపోతే ఆయన ఏం పని చేశారో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

పెళ్ళై ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు పగలంతా ఒక్క మనిషి మొహం కనబడేది కాదు. మా ఆయనకు అస్కర్‌లో డ్యూటీ, చీకటితో పోయి చీకటితో రావడమే. శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ రోజు పొద్దున్నే అవాలి వెళ్ళేవాళ్ళం. మొదటిసారి ఆ గ్రౌండు చూసినప్పుడు నాకు భయం వేసింది. పదకొండు వరసల చెక్క మెట్లు, వాటిపైన రేకుల కప్పు, ఎదురుగా నల్లటి నేల, ఆ నేల అవతల అంకెలు తగిలించే పెద్ద బోర్డు. ఒక్క మనిషి లేడు. అంత చోటు ఎవరి కోసమో సిద్ధంగా ఉన్నట్టు శుభ్రంగా ఊడ్చి ఉంది.

ఆ నేల అంత నల్లగా ఎందుకుందో పెద్దమామే చెప్పారు. పూర్వం ఇక్కడ నూనె తీసే కంపెనీ ఎడారిలో తన మనుషుల కోసం ఊరు కట్టించిందట. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు తమ ఆట లేకుండా ఉండలేకపోయారు. గడ్డి మొలిచే నేల కాదు. అందుకని ఇసుక మీద ముడి నూనె చల్లి, రోలరు తిప్పి, రాయిలా గట్టిపడేదాకా తొక్కించారట. ఎండ ఎక్కితే ఇప్పటికీ ఆ నేల నుంచి నూనె వాసన లేస్తుంది. ఆ నలుపు మీద సున్నం గీత గీస్తే కళ్ళు చెదిరేంత తెల్లగా కనబడుతుంది.

పెద్దవాళ్ళ ముందు కోడలు కూర్చోకూడదు కదా, నేను చున్నీ తల మీదికి లాక్కుని స్తంభం పక్కన నిలబడ్డాను. ఆయన కింది మెట్టు మీద కూర్చుని నవ్వారు.

"మీదికి పొయ్యి కూసో బిడ్డా. ఈడ మామా కోడలు లేదు. ఎంత మీద కూసుంటె అంత మంచిగ కనవడ్తది."

"ఏం కనవడ్తది పెద్దబాపూ, గ్రౌండు ఖాళీగుంటె?" అన్నారు మా ఆయన. "నీ గ్రౌండుల కాకులాడ్తయా?"

"ఆడేటోడు నీ కండ్లకు కనవడకుంటె ఆట లేనట్టారా?"

ఆట ఎలా ఆడతారో నాకు ఆయనే నేర్పారు. కొట్టేవాడు నిలబడే చోట ఒక పలక ఉంటుంది. దాన్ని ఆయన ఇల్లు అనేవారు. అక్కడి నుంచి చుట్టూ మూడు చోట్ల మూడు తెల్లటి సంచులు ఉంటాయి. అవి దిండ్లలా ఉంటాయని వాటిని మెత్తలు అనేవారు. బంతిని కొట్టినవాడు మూడు మెత్తలూ తొక్కుకుంటూ చుట్టి రావాలి. "ఎంత దూరం కొట్టినా, మళ్ళ ఇల్లు తొక్కితెనే లెక్క. మూడో మెత్త కాడ ఆగిపోయినోనికి ఏం లేదు" అనేవారు. ఇంటి నుంచి మొదటి మెత్త మీదుగా ఒక గీత, మూడో మెత్త మీదుగా ఒక గీత. ఆ రెండూ సున్నంతో గీయడమే ఆయన శుక్రవారం పని. గీసే యంత్రం ఎప్పుడో తుప్పు పట్టింది. తాడు కట్టి, డబ్బాలోంచి సున్నం పిడికిట్లోకి తీసుకుని, వేళ్ళ సందుల్లోంచి వదిలేవారు. అచ్చం ఆడవాళ్ళు ముగ్గు వేసినట్టే. "మీ అత్తను చూసి నేర్చుకున్న" అని చెప్పి, మళ్ళీ డబ్బాలో చెయ్యి పెట్టేవారు. మా పెద్దత్త నేను కాపురానికి రాకముందే పోయింది.

గీసేటప్పుడు బయటి నుంచి ఇంటివైపే గీయాలి. వెనక్కి చూడకూడదు, చూస్తే గీత వంకరపోతుంది. ఈ రెండూ నాకు చాలాసార్లు చెప్పారు. ఎందుకు చెబుతున్నారో అప్పుడు ఆలోచించలేదు.

ఏడాదికి ఒకరో ఇద్దరో ఆ గ్రౌండు చూడటానికి వచ్చేవారు. అందరూ ముసలివాళ్ళే, తెల్లవాళ్ళు. ఆ ఊళ్ళో పుట్టి, చిన్నప్పుడే వెళ్ళిపోయినవాళ్ళు. ఇంత దూరం వచ్చి ఖాళీ మెట్లు చూసి పోతారా అని నాకు వింతగా ఉండేది. ఒకసారి మేము ఉండగానే ఒక ముసలామె వచ్చింది. ఏడో వరసకు ఎక్కి, చెక్కను చేత్తో తడిమి, కూర్చుని కళ్ళు మూసుకుంది. ఎండ ఎక్కుతున్న కొద్దీ ఆ చెక్క మెట్లు కింది నుంచి పైకి, ఒక్కో వరసా కిర్రుమంటాయి. మనుషులు వచ్చి కూర్చుంటున్నట్టే ఉంటుంది. ఆమె అరగంట అలాగే ఉండి, పోతూ పోతూ పెద్దమామతో ఏదో అన్నది.

"ఏమంటుంది పెద్దబాపూ?" అని అడిగారు మా ఆయన.

"ఇయ్యాల జనం మంచిగచ్చిండ్లు అంటుంది."

నేను ఆ ఖాళీ మెట్లవైపు చూసి మా ఆయన పక్కకు జరిగాను. ఆయన మాత్రం ఎవరైనా తన ఇంటి వంట మెచ్చుకున్నట్టు సంతోషపడ్డారు.

గేటు మూసేముందు ఆయన మెట్లవైపు తిరిగి, "ఖలాస్ భాయ్, యల్లా, ఇండ్లకు పోండ్రి" అని గట్టిగా అనేవారు. మా ఆయన నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. ఒకసారి మా ఆయన నీళ్ళ కోసం గదిలోకి పోయినప్పుడు నాతో ఒక సంగతి చెప్పారు. ఒక వారం జ్వరం వచ్చి ఆయన గీతలు గీయలేదట. తెల్లారి లేచి చూస్తే నేల మీది దుమ్ములో బూట్ల అడుగులు ఉన్నాయట. మొదటి మెత్త, రెండో మెత్త, మూడో మెత్త, మళ్ళీ మొదటిది. చుట్టూ చుట్టూ తిరిగాయి తప్ప ఒక్క అడుగు కూడా ఇంటికి రాలేదట.

"ఎవలో పోరగాండ్లు గోడ దుంకి వచ్చిండ్లనుకున్న. అయినా అప్పటిసంది గీత తప్పియ్యలే. గీత లేకుంటె ఎటు పోవాల్నో ఎట్ల తెలుస్తది బిడ్డా? వీనికి చెప్పకు, నగుతడు."

నేను చెప్పలేదు.

ఆయన పోయిన రోజు ఆసుపత్రిలో గుర్తుపట్టడానికి మా ఆయనే వెళ్ళారు. గుండె ఆగిందన్నారు. గ్రౌండులోనే, మూడో మెత్త దగ్గర పడి ఉన్నారట. "పిడికిలి ఇప్పలేదే. లోపట సున్నం ఉండె" అని చెప్పి మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. కాగితాలన్నీ అయి శవపెట్టె విమానం ఎక్కేసరికి మంగళవారమైంది. బుధవారం ఊళ్ళో దహనం చేశారు. మాకు పోయే వీలు దొరకలేదు.

దహనం నుంచి లెక్కేస్తే శుక్రవారం మూడో రోజు. ఆయన గది ఖాళీ చేయాలని ఆఫీసువాళ్ళు చెప్పడంతో సామాన్ తేవడానికి పొద్దున్నే అవాలి వెళ్ళాం. ఒక ట్రంకు పెట్టె, రెండు దుప్పట్లు, ఒక రేడియో. మా ఆయన వాటిని మెట్ల దగ్గర పెడుతుండగా ఊరి నుంచి వీడియో కాల్ వచ్చింది. పెద్దమామ కొడుకు, నాకు మరిది. వెనక వాగు, రాళ్ళు, తలలు వంచుకుని నిలబడిన మనుషులు.

"అన్నా, పిట్ట ముడ్తలేదే."

మా వైపు మూడో రోజు పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనసు ఎక్కడో ఆగిపోయిందని అర్థం. ముట్టేదాకా ఎవరూ ఇంటికి పోరు, నీళ్ళు కూడా తాగరు. ఏం కోరిక మిగిలిందో ఊహించి ఒక్కొక్కరు మాట ఇవ్వాలి.

"కల్లు పోసిండ్లా?" అన్నారు మా ఆయన.

"పోసినం. మటన్ పెట్టినం, బీడీ పెట్టినం. మీ బాపుతోని కొట్లాట ఇడిచి పొత్తు కలుస్తమని నేను మాటిచ్చిన. పొలంలనే సమాధి గద్దె కడ్తమన్నం. కాకులు వస్తున్నయి, ఆకు చుట్టు తిరుగుతున్నయి, ముడ్తలెవ్వు. వచ్చి మూడు గంటలాయె. మేనత్త పడిపోయేటట్టుంది. ఆడ ఏమన్న చెప్పిండా నీతోని?"

మా ఆయన నుదురు రుద్దుకున్నారు. "నాతోని ఏం చెప్పలేదురా."

ఆకు చుట్టూ తిరుగుతున్నాయి అన్న మాట దగ్గరే నాకు ఆ బూట్ల అడుగులు గుర్తొచ్చాయి. గ్రౌండువైపు చూశాను. మొదటి మెత్తవైపు గీత వారం గాలికి మసకబారినా ఉంది. మూడో మెత్త బయట కొంచెం గీత ఉంది. మూడో మెత్త నుంచి ఇంటి దాకా నేల నల్లగా ఉంది. సున్నం డబ్బా అక్కడే ఒరిగి ఉంది.

అంతమంది పెద్దవాళ్ళ ముందు నేనెప్పుడూ నోరు విప్పలేదు. చెప్పకుండా ఉండిపోతే ఎవరూ నన్ను అడగరు కూడా. అయినా వెళ్ళి ఫోన్ ముందు నిలబడ్డాను.

"గీత సగమే అయింది. అది గియ్యాలె."

"ఎవలు? వదినా? నువ్వేనా మాట్లాడేది?" అన్నాడు మరిది. రెండేళ్ళలో వాడు నా గొంతు వినడం అదే మొదలు.

జ్వరం వచ్చిన వారం సంగతి మొత్తం చెప్పాను. మా ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"నాకు చెప్పలేదేందే?"

"నగుతరని చెప్పద్దన్నరు."

ఆయన మొహం చిన్నబోయింది. "కని మైలల ముగ్గు వేస్తరా?"

మైల ఉన్న ఇంట్లో పదకొండు రోజులు ముగ్గు పడకూడదు. అది నాకూ తెలుసు. ఫోన్‌లోంచి పెద్దమామ అక్క, మా ఆయన మేనత్త గొంతు వినబడింది, ఎండిపోయి, గరగరమంటూ.

"అది వాని పనిరా. పని ముగ్గెట్లయితది? గియ్యనియ్యి పిల్లను."

చెప్పులు విడిచి నల్లటి నేల మీదికి దిగాను. మా ఆయన ఫోన్ పట్టుకుని ఇంటి పలక దగ్గర నిలబడ్డారు. మూడో మెత్త దగ్గర వంగి, పెద్దమామ ఆపిన చోట పిడికిలి పెట్టి సున్నం వదలడం మొదలుపెట్టాను. నాలుగు అడుగులు వేశాక వెనక ఎవరో నడుస్తున్నట్టు అనిపించింది. నేను ఆగితే ఆ నడక ఆగింది. కదిలితే కదిలింది. తొందరపెట్టలేదు. ముసలివాళ్ళు కాళ్ళు ఈడుస్తూ మన వెంట వచ్చేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. నాకు ఏడుపు వచ్చింది గానీ వెనక్కి చూడలేదు. గీత వంకరపోతుందని.

పలక అంచు దాకా గీసి, పిడికిలి దులిపి, మా ఆయన చేతిలోని ఫోన్ తీసుకున్నాను. నెట్‌వర్క్ నిలిచిపోయింది. తెర మీద వాగు ఒడ్డు, రాయి, రాయి మీద ఆకు. ఆకుకు జానెడు పైన ఒక కాకి, రెక్కలు విప్పుకుని గాలిలో ఆగిపోయి ఉంది. బొమ్మ కదలడం లేదు. మాట మాత్రం వచ్చింది.

"ముట్టింది వదినా! ముట్టింది!"

వెనక ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడవడం వినబడింది, తర్వాత అదీ తెగిపోయింది. మా ఆయన ట్రంకు ఎత్తుకుని గేటువైపు నడిచారు. నేను ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అందులో కాకి ఇంకా కిందికి దిగలేదు. దాని కాళ్ళు ముందుకు చాచి ఉన్నాయి, దాని నీడ మాత్రం అప్పటికే ఆకు మీద ఉంది.