పిన్ని చూపించిన బొమ్మలు

పోయిన ఆదివారం మా పిన్ని పోయింది. పొద్దున్నే గుండె ఆగిపోయిందని రాజమండ్రి ఆస్పత్రి నుంచి అమ్మకి ఫోన్ వచ్చింది. నేనప్పుడు పళ్లు తోముకుంటున్నాను. తోముకోవడం పూర్తి చేసి, నోరు కడుక్కుని, అప్పుడు హాల్లోకి వచ్చాను.

అమ్మకి ఒక్కతే చెల్లెలు. కాలేజీలో సైకాలజీ చెప్పేది. మనుషుల్లో బాధ, భయం, సంతోషం ఎలా పుడతాయన్నది ఆవిడ పరిశోధన. "ఇప్పుడు బాధపడండి అంటే ఎవరూ బాధపడరుగా" అనేది. అందుకని ఫోటోలు, శబ్దాలు, చిన్న వీడియోలు పోగేసి, ఏది చూస్తే జనానికి ఎంత బాధ, ఎంత హాయి అనిపించిందో ముందే అడిగి, ఒక్కోదానికీ మార్కులు వేసి ఉంచుతారట. ప్రయోగానికి ఏ భావం కావాలో దానికి తగ్గవి తీసి చూపిస్తారు. బయటి దేశాల వాళ్లు పోగేసినవి ఉన్నాయి కానీ, అందులో భయపెట్టాల్సిన మంచు తుఫాను చూసి మనవాళ్లు "ఎంత బాగుందండి" అన్నారట. దాంతో పిన్ని ఇక్కడివే తీయడం మొదలుపెట్టింది. ఇది చదువుతున్న మీలో కూడా కొందరు వాటికి మార్కులు వేసే ఉంటారు.

మధ్యమధ్యలో ఏమీ అనిపించని మామూలు బొమ్మలు కూడా పెట్టాలి. ప్లాస్టిక్ స్టూలు, బకెట్టు, స్విచ్‌బోర్డు. వాటిలో ఒకసారి వరదనీళ్లతో ఎర్రగా ఉన్న గోదావరి ఫోటో పెట్టింది. ఏటి మధ్యనున్న లంక ఊరి నుంచి వచ్చిన ఒకావిడ అది చూసి లేచి నిలబడిపోయిందట. "మా ఇంట్లోకి వచ్చింది ఈ నీళ్లేనండి" అందట.

"రోజూ బ్రిడ్జి మీంచి చూసి చూసి నాకు మామూలైపోయిందే. ఎంత బుద్ధితక్కువ పని చేశాను" అంటూ పిన్ని ఆ సాయంత్రమే దాన్ని తీసేసింది.

బాధపెట్టేవి చూపించాక ఎవరినీ అలాగే పంపేది కాదు. చేతిలో పూతరేకు పెట్టి, నవ్వొచ్చే వీడియో చూపించి, మొహం తేలికపడ్డాకే వెళ్లిరమ్మనేది. "ఏడిపించి పంపడానికి మనమేమన్నా సీరియల్ తీస్తున్నామా?" అనేది.

కొత్తవి ముందు నాకే చూపించేది. నాకేం అనిపించినా నేను ఎవరికీ చెప్పను. పిన్నికి తెలుసు. "చెప్పొద్దులే, నంబరు నొక్కు చాలు. అబద్ధం మాత్రం నొక్కకు. ఏమీ అనిపించకపోతే అదే నొక్కు, అదీ నాకు పనికొస్తుంది" అనేది. నన్ను ఎందుకని అడగని మనిషి ఆవిడొక్కతే.

ఇప్పుడు నాకు ఏమీ అనిపించట్లేదు. పిన్నిని తీసుకెళ్తున్నప్పుడు కూడా అనిపించలేదు. "ఆ పిల్లని చూడండి, రాయిలా నిలబడింది" అని ఎవరో పక్కావిడతో అన్నారు. నిన్న తలుపేసుకుని, పిన్ని లాప్‌టాప్‌లో బాగా ఏడిపించే వీడియోలన్నీ వరసగా చూశాను. ఏడుపు రాలేదు. పిన్నంటే నాకసలు ప్రేమే లేదేమోనని భయం వేసింది.

ఇవాళ మధ్యాహ్నం వంటింట్లో అమ్మ నేలమీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నాకు ఏడుపు రావట్లేదు."

అమ్మ తలెత్తలేదు. "భయంగా ఉందా?"

"ఊఁ."

"నాకూ రావట్లేదే. వచ్చినవాళ్ల ముందు ఊరికే కొంగు అడ్డం పెట్టుకుంటున్నాను."

కుక్కర్ విజిల్ వేసింది. మళ్లీ వేసింది. ఇద్దరం దానివంకే చూస్తూ కూర్చున్నాం. అన్నం మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరమూ లేవలేదు.