ఉప్పలమ్మ ఆసు రాగం

అరవై రెండేళ్ల చంద్రయ్య పియానో నేర్చుకుంటున్నాడంటే పానగల్ రోడ్డులో నవ్వని మనిషి లేడు. నవ్వనీ! పలకరించే దిక్కులేని ఇంట్లో పది నెలలు ఒంటరిగా ఉండి చూస్తే వాళ్లకూ తెలిసేది. భార్య ఉప్పలమ్మ పోయింది. పిల్లలు లేరు. ఈ రోజుకీ చంద్రయ్య గిన్నెలో ఇద్దరికి సరిపడా బియ్యం పోస్తాడు, గుర్తొచ్చి సగం తీసి మళ్లీ డబ్బాలో వేస్తాడు.

ఆమె ఉన్నప్పుడు అతను మగ్గం గుంతలో కూర్చుని చీర నేస్తుంటే, వెనకాల ఆమె ఆసు పోసేది. అర్ధచంద్రంలా బిగించిన మేకుల వరస ఉంటుంది. నడిమి మేకు దగ్గర్నుంచి ఒక్కో మేకు దాకా దారం తీసుకుపోయి, చుట్టి, వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడుతుంది. ముప్పై ఏళ్లు ఆడింది. చెయ్యి ఆడినంతసేపూ ఉప్పలమ్మ మాటల్లేని రాగం ఒకటి తీసేది. రెండుసార్లు పైకి లేచి, కాస్త ఆగి, కిందికి దిగిపోయే రాగం. అది వింటూ నేస్తుంటే చంద్రయ్యకు పొద్దు తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ రాగం కొంచెం కొంచెంగా మరపున పడుతోంది. ఎక్కడా రికార్డు చేసింది లేదు. పాడుకుందామంటే చంద్రయ్య గొంతు దేవుడికే తెలియాలి. వేళ్లు మాత్రం ఒకసారి నేర్చిన పని మరవవని అతని నమ్మకం. అందుకే చర్చిలో పియానో వాయించే ఇస్రాయేలు ఇంటికి పోయి, ఏడాది మాసికం నాటికి ఆ ఒక్క రాగం వేళ్లకు ఎక్కించమని బతిమాలాడు.

మొదటి రోజే ఇస్రాయేలు అదిరిపడ్డాడు. "ఏంది చంద్రన్నా, నేత బిగిస్తున్నవా, పియానో వాయిస్తున్నవా? గట్ల గుద్దకు. భుజం జర వదులు."

వదలమంటే వదిలే చెయ్యా అది! నలభై ఏళ్లు మగ్గం గుద్దిన చెయ్యి. పియానో మెట్టు మెల్లగా నొక్కితే, మగ్గం మీది గుడ్డ పలచబడినట్టు అతనికి భయం. నెల తిరిగేసరికి కుడి భుజం నుంచి మోచేతి దాకా నిప్పులు పోసినట్టయింది. చొక్కా తొడుక్కోవడానికే కళ్లనీళ్లు వచ్చేవి. దవాఖానలో డాక్టరు చెయ్యి ఆడించొద్దన్నాడు. "సరే సారూ" అని తలూపి, చంద్రయ్య ఉప్పు కాపడం పెట్టుకుని మళ్లీ ఇస్రాయేలు ఇంటికి పోయాడు. మాసికం ఇంకా ఇరవై రోజులే. రాగం చూస్తే మొదటి సగం దగ్గరే ఆగిపోతోంది. పైకి లేచాక ఎక్కడ ఆగాలో, ఎట్లా దిగాలో ఎంతకూ దొరకడం లేదు.

ఒకనాడు తెల్లారి నల్లా దగ్గర బకెట్ ఎత్తబోయాడు. భుజంలో కలుక్కుమంది. పళ్లు బిగపట్టాడు. మూసిన నోట్లోంచి మూలుగు వచ్చింది. రెండుసార్లు పైకి లేచింది, ఊపిరి బిగపట్టిన చోట ఆగింది, కిందికి దిగింది.

అదే రాగం. ఒక్క మెట్టు తేడా లేదు.

చంద్రయ్య బకెట్ వదిలేసి అక్కడే కూలబడ్డాడు. ఎప్పుడో ఒకసారి ఆమె అన్నది గుర్తొచ్చింది. "చెయ్యి గుంజుతాంది. గీ రెండు రోజులు ఆసు ఆపుతనయ్యా." తను వెనక్కి తిరిగైనా చూడలేదు. "నొప్పులు ఎవలికి లేవే? ముందు చీర దిగనియ్యి" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఎంత మొండివాణ్ని, ఎంత పాపిష్టివాణ్ని అని తల బాదుకుని ఏడ్చాడు. ఊరడించే మనిషి ఎవరూ లేరు.

మాసికం నాడు చెల్లెలి బిడ్డ మంజుల వచ్చింది. అన్నాలయ్యాక, "మామా, అత్త పాట వాయిస్తనంటివి గద" అని ఇస్రాయేలు ఇంటికి వెంటబెట్టుకుపోయింది. చంద్రయ్యకు కుడి చెయ్యి లేవడం లేదు. ఎడమ చేత్తోనే, ఈసారి గుద్దకుండా, మెల్లగా వాయించాడు. చివరిదాకా వచ్చింది.

మంజుల కళ్లు తుడుచుకుంది. "గిదే మామా, గిదే! అత్త ఎంత సంబురంగ పాడుకునేదో."

చంద్రయ్య నొప్పి చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"సంబురం గాదు బిడ్డా. చెయ్యి నొస్తాందని చెప్పింది. ముప్పై ఏండ్లు చెప్పింది. నేను పాట అనుకున్న."