మూడో గుండ్రంలో మేకు

ఆ రోజుల్లో మనిషికీ మనిషికీ నడుమ ఆరడుగుల దూరం ఉండాలని ఊరంతా చాటింపు వేశారు గానీ, మా ఇంట్లో నాకూ నా మనవరాలి ఆఫీసుకూ నడుమ పీట వేసుకునేంత జాగా కూడా ఉండేది కాదు. కరోనా వచ్చిన రెండో ఏటి సంగతి ఇది. ఎంతో కాలం కాలేదు, అయినా తలుచుకుంటే పోయిన జన్మలో జరిగినట్టు ఉంటుంది. కొడుకూ కోడలూ సూరత్‌లో, పాండేసర బట్టల మిల్లుకు పోయేవాళ్లు. ఇంట్లో నేనూ, కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవరాలూ మిగిలేవాళ్లం. ఆ పిల్ల మంచం మీద కంప్యూటర్ పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడుతుంటే, నేను కింద కూర్చుని పాపడీ చిక్కుళ్లు ఒలుస్తూ, ఫ్యాను రెండు మీద తిరుగుతోందా మూడు మీద తిరుగుతోందా అని కాపలా కాసేదాన్ని. (ఒకటి మీద తిరిగినా గాలి వస్తుంది. కంప్యూటరుకు ఉక్కపోస్తుందట.) నేను చదివింది రెండో తరగతి, అదీ సగం. పొదుపు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. పాల ప్యాకెట్టు కడిగిన నీళ్లు చాయ్‌లో పోసేదాన్ని. మిల్లులో పారేసే బట్ట పేలికలు ఏరి తెప్పించి ఇంటిల్లిపాదికీ మాస్కులు కుట్టాను. నలుగురం బయటికి వెళితే ఒక్కొక్కరి మూతి మీద ఒక్కో చీర కొంగు ఉన్నట్టుండేది.

ఆ పిల్ల చేసే పని ఏమిటో అర్థం కావడానికి నాకు నెల పట్టింది. ఒకరోజు గట్టిగా అడిగితే ఇట్లా చెప్పింది. "మ్యాపులోళ్లకు భూమి తెలుసు బాపమ్మా. రోడ్లు, మోరీలు, భూమి లోపల పోయే గ్యాసు పైపు, నీళ్ల పైపు. బిల్డింగోళ్లకు గోడలు తెలుసు, పిల్లర్లు తెలుసు. ఇద్దరి లెక్కలు ఒక్కదాంట్లకు తేవాలె. గదే నా పని."

"ఇద్దరు కూసొని మాట్లాడుకుంటే ఒడిసిపోదా?"

"వాళ్ల భాష వేరు, వీళ్ల భాష వేరు. అందుకే ఇద్దరికీ కలిపి ఒక ఖాయిదా రాసుకున్నరు. ఒకలు గోడ అని రాస్తే రెండోటోళ్లు గోడ అనే చదవాలె. ఒకలు ఏడికెల్లి కొలత మొదలువెడితే రెండోటోళ్లు సుత ఆడికెల్లే మొదలువెట్టాలె."

"అంటే వియ్యాలోళ్ల లెక్క. పెండ్లికి ముందుగాల్నే అన్నీ అనుకోవాలె. లేకుంటే పీటల మీద కొట్లాటయితది."

పిల్ల నవ్వి, ఈ ముక్క చెప్పడానికి తమ సారు ఒక పూటంతా తీసుకున్నాడంది. నాకు లోపల గర్వంగానే ఉంది గానీ, ఫ్యాను తగ్గించి లేచాను.

మా ఇళ్ల సొసైటీ ముందు ఒక హాలు ఉంది. పెళ్లిళ్లకూ, నవరాత్రి ఆటపాటలకూ వాడుకునేది. ఆ ఏడు ఆసుపత్రుల్లో మంచాలు చాలక, దాన్ని ఆక్సిజన్ పెట్టే వార్డు చేయాలనుకున్నారు. ఆ పని మా పిల్ల ఆఫీసుకే వచ్చింది. 'మా ఇంటి ముందరే సార్, నేను చూసుకుంటా' అని తనే ముందుకు ఉరికింది. హాలు పక్కనే కందకం తవ్వి ఆక్సిజన్ పైపు వేయాలి. ఆ పక్కనే ఎక్కడో భూమిలో గ్యాసు పైపు ఉంది. గునపం దాని మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. కాబట్టి మ్యాపూ బిల్డింగూ కలిసి, గ్యాసు పైపు హాలుకు ఎంత దూరంలో ఉందో తేలేదాకా మట్టి ముట్టరాదన్నారు. పిల్ల ఉద్యోగం ఇంకా పరీక్ష నెలల్లోనే ఉంది. అప్పటికే వాళ్ల ఆఫీసులో చాలామందిని ఇంటికి పంపారు. ఈ పని కుదిరితే ఆ పిల్ల ఉంటుంది, కుదరకపోతే లేదు. అంతే.

బిల్డింగు వాళ్లు ముందే వచ్చి హాలు ముందు సిమెంటు నేలలో ఒక మేకు కొట్టి, కొలతలన్నీ అక్కడి నుంచే తీసుకుని పోయారట. ఇప్పుడు మ్యాపుల మనిషి వచ్చి, తన కట్టె ఆ మేకు మీద నిలబెట్టి, అది భూమ్మీద సరిగ్గా ఎక్కడుందో ఆకాశాన్ని అడిగి తెలుసుకోవాలి. ఆ ఒక్క మేకు దగ్గరే రెండు లెక్కలూ ముడిపడతాయి. తీరా ఆయన వస్తే మేకు లేదు.

"మేకు లేదా? జర మంచిగ చూడండి సార్" అని పిల్ల ఫోనులో బతిమాలుతోంది. కంప్యూటరులో అరడజను మొహాలు గుడ్లప్పగించి చూస్తున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"ఎవడు వీకిండో గని వాని చేతులకు పుండ్లు వుట్ట" అన్నాను. "రోగమొచ్చి లోకమంతా సస్తుంటె గీ దొంగముండకొడుకులకు మేకు సుత కావాల్నా?"

కంప్యూటరులోంచి ఎవరో ఎవరండీ అని అడిగారు. మా బాపమ్మ అని పిల్ల గొణిగింది.

"ఎట్లుంటదే గా మేకు?" అన్నాను, దొంగను పట్టిచ్చే దానిలా.

"స్టీలుది. తల కింద రూపాయి బిళ్లంత గుండ్రటి రేకుంటది. దాని మీద ప్లస్ గుర్తు."

చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది. తల ఎత్తి చూశాను. తలుపు పక్కన గోడకు, పిల్ల తలకు జానెడు ఎత్తున, మా నాలుగు మాస్కులూ వేలాడుతున్నాయి. మామూలు మేకయితే మాస్కు తాళ్లు జారిపోతాయి. దీనికి రేకుంది, అందుకే జారవు. ఎంత అక్కరకొచ్చే మేకు దొరికిందని పది రోజుల కిందటే మురిసిపోయిన మనిషిని నేను.

అది నాకు దొరికిన తీరు చెప్పాలి. హాలు ముందు కూరగాయల తోపుడుబండి ఆగేది. బండి ముందు సొసైటీ ప్రముఖ్ (పెద్దమనిషి అనుకోండి, ఈల ఒకటి మెడలో వేసుకుని తిరిగేవాడు) సున్నంతో గుండ్రాలు గీయించాడు. మనిషికో గుండ్రం. దాటితే ఈల. నేను నిలబడే మూడో గుండ్రంలో ఈ మేకు నా చెప్పుకు తగిలేది. ఏ సైకిలు చక్రానికో దిగుతుందని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి స్టీలు వస్తువు ఊరికే నేలలో పడి ఉంటే చూడలేని గుణం నాది. మూడు రోజులు, వరుసలో నిలబడినంతసేపూ, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి తాళంచెవితో కదిలించాను. మూడో రోజు వచ్చింది.

ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ, ఆ పూట నా పానం నా చేతిలో లేదు. ఇంట్లో అందరి తప్పులూ పట్టే నోరు నాది. ఇప్పుడు ఏ నోటితో చెప్పను? చెప్పకుండా దిద్దుకుందామనుకున్నాను. మాస్కులు కుర్చీ మీద వేసి, మేకు కొంగున ముడేసి, పచ్చడి బండ సంచీలో పెట్టుకుని కూరగాయలకని బయలుదేరాను. మూడో గుండ్రంలో కూర్చుని ఠంగుఠంగుమని కొట్టాను. ఏందమ్మా అని వెనకావిడ అడిగితే చెప్పు ఊడిందన్నాను. ఎండిన సిమెంటులో మేకు దిగనని మొరాయిస్తే చిన్న పగులు చూసి అందులో దించాను. పాపం కడిగేసుకున్నట్టు తేలికగా ఇంటికొచ్చి చాయ్ తాగాను.

మర్నాడు మ్యాపుల మనిషి మళ్లీ వచ్చాడు. మన తెలుగువాడే, సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు. కట్టె కొసన తెల్లటి పుట్టగొడుగులాంటి మిషను ఉండేది కాబట్టి ఆయనకు పుట్టగొడుగు సారు అని పేరు పెట్టాను. "మిల్ గయా! దొరికింది! నిన్న నాకే కండ్లు కనవడనట్టున్నయి" అని సంబరపడి, కట్టె నిలబెట్టి లెక్క తీసుకుని పోయాడు. మధ్యాహ్నానికల్లా మా పిల్ల రెండు లెక్కలూ కలిపింది. కలిపి, నోటి మీద చెయ్యి వేసుకుంది.

హాలు పోయి రోడ్డు మీద కూర్చుంది. గ్యాసు పైపు నేరుగా హాలు లోపలికి దూరి, పెండ్లికొడుకు కూర్చునే స్టేజీ కింది నుంచి పోతోంది. మ్యాపుల వాళ్లు తమ గీత తప్పు కాదన్నారు. బిల్డింగు వాళ్లు తమ గోడ ఒక్క వెంట్రుక కదలలేదన్నారు. హైదరాబాదులో ఉండే పెద్దసారు మెల్లగా, అరవకుండా అన్నాడు. "రెండూ సరిగ్గానే ఉంటే, కలిపిన దగ్గరే తప్పుండాలమ్మా. కలిపింది నువ్వు. రేపటి లోపల తేల్చు, లేదంటే ఇంకొకరికి ఇస్తాను."

పిల్ల అన్నం ముట్టలేదు. చేసిందే చేసి, చూసిందే చూసి, కళ్లు ఎర్రబడిపోయాయి. నేను పక్కన కూర్చుని ఆ బొమ్మను చూస్తున్నాను. మా ఆయన మగ్గం నేసే రోజుల్లో, పాత పడుగు అయిపోవస్తే కొత్త పడుగు పోగులు దాని కొసలకు ఒక్కొక్కటిగా నేనే అతికేదాన్ని. ఈ అంచున ఒక్క పోగు తప్పిందంటే ఆ అంచు దాకా తప్పే. అటు పడుగు మంచిదే, ఇటు పడుగూ మంచిదే, ముడి వేసిన చెయ్యే పాడు. ఆ చెయ్యి ఎవరిదో ఈ ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు.

"మీ సారును పిలువు" అన్నాను.

"ఎందుకు బాపమ్మా?"

"పిలువమన్న గదా."

మొహాలన్నీ వచ్చాయి. నేను కొంగు సర్దుకుని ముందుకు జరిగాను. "నమస్తే సారూ. గా మేకు వీకింది నేనే. మళ్ల కొట్టింది సుత నేనే. పిల్లకేం ఎరుక లేదు."

"ఎందుకు తీశారమ్మా?" అన్నాడు పెద్దసారు.

"మాస్కులు తగిలేసుకోనీకి."

ఇద్దరు ముగ్గురి మొహాలు టక్కున మాయమయ్యాయి. (నవ్వుకోవడానికి అట్లా ఆర్పుకుంటారని తరువాత తెలిసింది.) పెద్దసారు మాత్రం నవ్వలేదు. "తీసిన చోటే కొట్టారా?"

"తీసిన కాడ్నే. మూడో గుండ్రంల."

పుట్టగొడుగు సారు వచ్చాడు, ప్రముఖ్ కూడా ఈలతో సహా వచ్చాడు. గుండ్రాల సంగతి ఆయనే చెప్పాడు. నేలకు మందు కొట్టినప్పుడు సున్నపు గుండ్రాలు చెరిగిపోతే, తానే రంగుతో మళ్లీ గీశాడట. మొదటిసారి తోపుడుబండి దగ్గర నుంచి లెక్క మొదలుపెట్టాడు, రెండోసారి గేటు దగ్గర నుంచి.

"చూసినవా బా," అన్నాడు పుట్టగొడుగు సారు నాతో (గుజరాతీలో పెద్దావిడలను బా అంటారు). "మీరిద్దరు గూడ మా ఆఫీసోళ్ల లెక్కనే. ఎవరి ఒకటో నంబరు వాళ్లకే."

అంత జరిగినా నా బింకం పోలేదు. పాత మూడో గుండ్రం ఇదిగో ఇక్కడే అని కాలితో చూపించాను. ఆయన హాలు గోడ ఈ మూల నుంచి ఒకసారి, ఆ మూల నుంచి ఒకసారి ఎర్రటి చుక్క వెలుగు వేసి కొలిచి, నేను చూపించిన చోటికి నాలుగడుగుల అవతల మోకాళ్ల మీద కూర్చున్నాడు. "గోడకెల్లి కొలిస్తే అరచెయ్యంత జాగా దొరుకుతది బా. సూదంత జాగా కావాలంటే మేకే కావాలె. జర బ్రష్షేమన్న ఉందా?" నేను పారేయకుండా దాచిన పాత పళ్ల బ్రష్షులు ఇంట్లో చాలానే ఉన్నాయి. ఒకటి తెచ్చిచ్చాను. ఆయన రంగు గీరాడు, దుమ్ము ఊదాడు. అరచెయ్యంత జాగాలో, నా తాళంచెవి చేసిన గాట్లతో సహా, చిల్లు కనబడింది. నేను నా కళ్లతో చూసి, నా చేతులతో మూడు రోజులు పెకిలించిన చోటు నాకు తెలియలేదు. గోడలకు గుర్తుంది.

నేను కొట్టిన పగుల్లోంచి మేకు పీకి తెచ్చి అందులో దించాడు. కట్టె నిలబెట్టి కదలకుండా నిలుచున్నాడు. ఏం చూస్తున్నావంటే, పైన తిరిగే మిషన్ల మాట వింటున్నానన్నాడు. నేనూ తల ఎత్తాను. తెల్లటి ఎండ తప్ప ఏమీ కనబడలేదు. ఆ ఏమీ లేని చోటు నుంచి ఎవరో మా సొసైటీ నేలలో ఒక్క మేకు తలను చూస్తున్నారంటే నాకు ఒళ్లు జలదరించింది.

ఇంటికి రాగానే పిల్ల మళ్లీ కలిపింది. హాలు రోడ్డు మీది నుంచి లేచి, గ్యాసు పైపును విడిచి, తన చోట తాను కూర్చుంది. పైపు గోడకు బారెడు ఎడంగా, పద్ధతైన కోడలిలా పక్క నుంచి పోతోంది. తవ్వే రోజు నేను కూరగాయల సంచీ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. పిల్ల ముగ్గుతో గీత గీయించి, దీని కింద మోకాలి లోతున ఉంటుంది, చేత్తో తవ్వండి అని చెప్పింది. ఒడిశా కూలి ఒకాయన గునపం పక్కన పెట్టి రెండు చేతులతో మట్టి తోడాడు. మోకాలి లోతుకు వచ్చేసరికి పసుప్పచ్చటి గ్యాసు పైపు, గీత కిందనే, నిద్రపోతున్న పాములా కనబడింది. ప్రముఖ్ ఈల నోట్లోంచి తీశాడు. రెండు అక్షరాలు కలిపి చదవడానికి తంటాలు పడే నేను, నా మనవరాలు భూమిని తవ్వకుండానే చదివిందని అక్కడ నిలబడి చూశాను. ఆక్సిజన్ కందకం దానికి అవతలి పక్కన తవ్వారు. వారం తిరక్కముందే హాల్లో మంచాలు పడ్డాయి, పైపులో ఆక్సిజన్ పారింది.

పిల్ల ఉద్యోగం నిలిచింది. అయితే వాళ్ల ఆఫీసులో ఏ తప్పు జరిగినా ఎందుకు జరిగిందో రాయాలట. ఏం రాశావే అని అడిగితే, చదివి వినిపించింది. పెద్దసారు నా పేరు తీసేయించి, ఆ ఖాయిదా పుస్తకంలో తమ ఆఫీసు మట్టుకు కొత్తగా ఒక లైను రాయించాడు. మేకు కొట్టిన రోజే చుట్టుపక్కల ఇళ్లలోని పెద్దవాళ్లకు అదెందుకో చెప్పి రావాలి, అని. ఇప్పుడు ఏ ఊళ్లో మేకు కొట్టినా వాళ్ల మనుషులు ఇల్లిల్లూ తిరిగి ముసలమ్మలకు చెప్పి వస్తున్నారట. ఆ పుస్తకంలో ఎన్ని పేజీలున్నాయో నాకు తెలియదు, తెలిసినా చదవలేను. అందులో ఒక లైను మాత్రం ఎండలో గుండ్రంలో వంగి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ, తాళంచెవితో భూమిని గెలుకుతున్న ఆ మొండి ముసలిదానిది. అప్పుడే ఎవరైనా దాని పక్కన నిలబడి ఈ మేకెందుకో చెప్పి ఉంటే వినేదా అంటే, నాకు నమ్మకం లేదు.