జీళ్ళ మీద గీత

ఈ ఉదయం మా ల్యాబు తలుపు తీయగానే బెల్లం, నువ్వుల వాసన గుప్పుమంది. నా దగ్గర పరిశోధన చేస్తున్న భవాని రామతీర్థం జాతర నుంచి జీళ్ళ డబ్బా తెచ్చింది. "అన్నీ అతుక్కుపోయాయి మేడమ్" అని తెగ నొచ్చుకుంది. డబ్బాను బల్లకేసి రెండు దెబ్బలు కొట్టి, ఊడిన ముక్క నోట్లో వేసుకున్నాను. పైన జిగురు, లోపల పంటికి లొంగని గట్టిదనం. ఆ రుచికి కోటబొమ్మాళిలో మా పక్కింటి పైడమ్మత్త కళ్ళ ముందు నిలబడి, ఈ డబ్బా సర్దినవాళ్ళను చెడామడా తిట్టడం మొదలుపెట్టింది.

జీళ్ళు చేసి దుకాణాలకు అమ్మే పైడమ్మత్త మాకు చుట్టమేమీ కాదు. అయినా నేను అత్తా అంటే, ఆవిడ కోడలా అనేది. పాకం పట్టి, చల్లార్చి, ఆ ముద్దను స్తంభానికి కొట్టిన మేకుకు తగిలించి లాగుతుంటే నల్లటి బెల్లం పట్టులా మెరిసేది. కత్తెరతో ముక్కలు చేసి నువ్వుల్లో దొర్లించాక మాత్రం ఓ తతంగం ఉండేది. ఒక ముక్కను పక్కన పెట్టి, దాని మీద కొబ్బరి ఈనెతో సన్నటి గీత నొక్కేది. తర్వాత తీరుబడిగా టీ తాగేది. టీ అయ్యేసరికి గీత నిలిచి ఉంటే జీళ్ళు డబ్బాలోకి వెళ్ళేవి. చెదిరిపోతే గుమ్మంలో ఎవరున్నా సరే, సర్దేది కాదు. ఓసారి ఓ దుకాణదారు విసుక్కున్నాడు. "రాయిలాగున్నాయి కదమ్మా, ఇంకా ఏటి సూస్తావు?"

"లోపల రాయే బాబూ. పైన ఇంకా కదుల్తన్నాది. కదిలేది పక్కదాన్ని పట్టుకుంటాది" అంది పైడమ్మత్త. ఆయన మరో టీ తాగేదాకా అరుగు మీద కూర్చోవలసి వచ్చింది. ఇంటర్ చదువుతున్న నాకు అదంతా ఒట్టి చాదస్తంగా కనిపించి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వాను.

తర్వాత విజయనగరంలో ఎమ్మెస్సీ చేశాను. ప్రాజెక్టు గాజు మీద. గాజంటే కిటికీ అద్దమొక్కటే కాదు. కరిగిన పదార్థంలో అణువులకు వరసగా సర్దుకునే వ్యవధి ఇవ్వకుండా చల్లారిస్తే, ఎక్కడివక్కడ బిగుసుకుపోయి గాజవుతుంది. బెల్లం పాకమైనా అంతే. నేను ఒక నొప్పుల మందును అలా పలుచటి గాజుపొరగా చేసి, దాని మీద పాత సీడీ గాడుల అచ్చు వేశాను. వెలుగులో పెడితే ఇంద్రధనుస్సు రంగులు కనిపించేవి. డబ్బాలో పెట్టి, మూత బిగించి, సెలవులకు ఊరెళ్ళి వచ్చేసరికి రంగుల్లేవు, గాడుల్లేవు. మళ్ళీ చేశాను. మళ్ళీ పోయాయి.

మా గైడు గారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "చూడమ్మా, అచ్చు వేయకుండానే వేశానని రాసేశావేమో, ఇంకోసారి ఆలోచించుకో. వచ్చే వారానికి నాకేదైనా చూపించలేకపోతే ఈ ప్రాజెక్టు వద్దు" అన్నారు. ప్రాజెక్టు పోతే ఇంకోటి దొరుకుతుంది. అబద్ధాలకోరునన్న పేరు పోతుందా? ఆ శనివారం రైలెక్కి కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడుస్తూనే ఊరు చేరాను.

"ఏటే కోడలా, మొకం అలాగున్నాది?" అంది పైడమ్మత్త. ముక్కు చీదుకుంటూ అంతా చెప్పాను.

"అయితే గీత పోనాది. ఎంతసేపట్లో పోనాది?"

"నాకేం తెలుసు? తాళం వేసి ఊరొచ్చేశాను కదా."

"గీత పెట్టీసి ఇంటికొచ్చీసినావా! టీ తాగినంతసేపైనా కూసోనేదా?" నా ఏడుపు మరిచిపోయి మరీ నవ్వింది. "పోనాదని ఏడుస్తావేటే? అది పోడమే కదా నువ్వు సూడాల్సింది!"

"గట్టిపడిన దాంట్లో అణువులు ఎలా కదులుతాయత్తా?"

"లోపలున్నోటికి సుట్టూరా జనవే, మెసలడానికి సోటు నేదు. పైనున్నోటికి నెత్తి మీద ఎవులున్నారు? కదలక ఏటి సేస్తాయి?"

మా పుస్తకాల్లో నాలుగు పేజీలున్న సంగతి అది. చదివాను కూడా. కాని ఎదురుగా కూర్చుని చూడాలని మాత్రం తోచలేదు.

సోమవారం రెండు పొరల మీద అచ్చు వేశాను. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి ఏప్రిల్ ఎండకు ఉడుకుతున్న గదిలో. స్టూలు వేసుకుని కూర్చుని అరగంటకోసారి రంగులు చూసి రాసుకున్నాను. మర్నాడు నా సంగతి తేల్చుకుందామని వచ్చిన గైడు గారు గదిలో ఉంచిన పొరను వెలుగులో తిప్పి చూశారు. రంగులు సగానికి సగం వెలిసిపోయాయి. గోటితో గీకారు, పొర గట్టిగానే ఉంది. ఫ్రిజ్‌లోది చూశారు, నెమలి కంఠంలా నిగనిగలాడుతోంది. లోపలి అణువులు బిగుసుకుని ఉండగానే పైవి మాత్రం గట్ల మీంచి గాడుల్లోకి పాకుతున్నాయి! ఆయన తనే స్టూలు లాక్కుని, "నిన్ను అనుమానించాను, తప్పయిందమ్మా. ఇద్దరికీ టీ చెప్పు" అన్నారు. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది కాని, అది వేరే ఏడుపు.

ప్రాజెక్టు పుస్తకంలో కృతజ్ఞతలు చెప్పే పేజీలో పైడమ్మత్త పేరు మొదట రాశాను. "ఈవిడది ఏ డిపార్టుమెంటు?" అని అడిగారు గైడు గారు. కోటబొమ్మాళి అన్నాను. ఆ పేజీ చూపిస్తే పైడమ్మత్త, "నా పేరు బాగానే ఉన్నాది గాని, జీళ్ళ మాట రాయనేదేటే?" అని అలిగింది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ఏదైనా కొత్త సంగతి తేలితే ముందు ఆవిడకే చెప్పాలనిపిస్తుంది.

ఇందాక పదకొండింటికి భవాని పాలిపోయిన మొహంతో వచ్చింది. చేతిలో గాజుపొర. "రాత్రి పెట్టిన గీతలు లేవు మేడమ్. నిజంగా పెట్టాను, నమ్మండి" అంది.

"ఎంతసేపట్లో పోనాదే?" అన్నాను.

నా నోట ఆ యాస ఎప్పుడూ వినని పిల్ల తెల్లబోయి చూసింది. జీళ్ళ డబ్బా పక్కకు జరిపి, బల్ల దగ్గరికి రెండు స్టూళ్ళు లాగి, టీ చెప్పాను.