మారియెట్ వేసిన బెజ్జం

డెబ్బై తొమ్మిదేళ్ల ఓజియా తివియేర్జ్ ఒక మ్యూజియం గడప తొక్కడం అదే మొదటిసారి. మేపుల్ చెట్ల నీరు పట్టి, పాకం కాచి బతికినవాడికి పాకం మ్యూజియం దేనికని అతని వాదన. "చేపకు ఈత చూపిస్తారటా?" అని తొమ్మిదేళ్లుగా వెక్కిరించి, చివరికి భార్య లోరెట్ పోరు పడలేక బయలుదేరాడు.

ఆ పోరంతా ఒక చెట్టుముక్క కోసం. 1961 మార్చిలో, ఏడేళ్ల కూతురు మారియెట్ "నేనూ తొలుస్తా నాన్నా" అని మొండికేసింది. ఇంటి వెనక పెద్ద మేపుల్ చెట్టుకి తన ఎత్తున బర్మాతో బెజ్జం వేసి, చెట్టు నీరు బకెట్లోకి కారుతుంటే నాలుక చాపి నిలబడింది. ఆ వేసవిలోనే జ్వరమొచ్చి చనిపోయింది. బెజ్జం మీద బెరడు కమ్ముకుంది. అయినా ఏ ఏటి బెజ్జమైనా చెక్క లోపల నల్లమచ్చగా ఉండిపోతుంది.

1998 చలికాలంలో వాన కొమ్మల మీదే గడ్డకట్టి, ఆ బరువుకి ఆ చెట్టు కూలింది. బెజ్జాలున్న చోట జానెడు మందం ముక్క కావాలని మ్యూజియం వాళ్లు అడిగితే ఓజియానే కోసి ఇచ్చాడు.

"పిల్ల బెజ్జం అక్కడ భద్రంగా ఉందిలేవే" అన్నాడు లోరెట్‌తో. నిజంగానే నమ్మాడు.

ఇప్పుడు మ్యూజియంలో ఆ ముక్క ముందు నిలబడి, లోరెట్ గ్లవుజు తీసి, ఒక్కో మచ్చ మీదా వేలు పెట్టి చూస్తోంది.

"ఏదయ్యా మన పిల్లది?"

అక్కడ పనిచేసే అమ్మాయి దగ్గరకొచ్చింది. "ఇవన్నీ మగాళ్లు గుండె ఎత్తున వేసినవి పెద్దమ్మగారూ. అంతకంటే కిందవి ఇందులో లేవు."

ఓజియా అరచెయ్యి గుండెకి ఆనించి ఎత్తు చూసుకున్నాడు. ముప్పయ్యేడేళ్లు ఆ చెట్టుకి తను బర్మా పెట్టిన ఎత్తు అది. రంపం కూడా అక్కడే పెట్టాడు. పిల్ల ఎత్తు ఆ రోజు గుర్తే రాలేదు.

"మరి కింది మొద్దేదీ?" అంది లోరెట్.

"చీల్చాను."

"చీల్చి?"

"ఏడాది ఆరబెట్టి... పాకం పొయ్యిలో పెట్టాం కదే."

తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. ఆమె నాలుగు తిడితే బాగుండునని ఎదురుచూశాడు. లోరెట్ గ్లవుజు తొడుక్కోబోయి ఆగింది.

"ఆ పొయ్యికి కట్టెలు అందించింది నేనేగా. ఒకదాన్లో నల్లమచ్చ కనబడిందయ్యా. పుచ్చు అనుకుని ముందు దాన్నే ఇచ్చాను."