లేటు డబ్బా ఖరాబు కాలేదు

మా మరిది పోయిండు. ఆ పొద్దున ఇప్పచెట్టు కింద పూలు ఏరుతుంటె మా కోడలు గట్టు మీద నిలబడి, "అత్తా, చిన్నమామ బీజాపూర్ ఆస్పత్రిలనే పోయిండంట" అన్నది. గంప అక్కడనే వదిలేసి వచ్చిన. నాకంటె పన్నెండేండ్లు చిన్నోడు. ముందుగాల పోవాల్సింది నేను.

నాకు రాత రాదు. నేను చెప్తున్న, ఆయన బిడ్డ రాస్తున్నది. నడుమ నడుమ ఆగుతున్నది. "రాయి బిడ్డా, కండ్లు తర్వాత తుడుసుకుందువు" అంటున్న. ఏడ్వడానికి చెప్తున్న ముచ్చట కాదిది. మా మరిది మైకుసెట్టుకు పెట్టిన డబ్బా ఖరాబుదని ఊరంత అనుకుంటున్నది. అది తప్పు. ఆ తప్పు ఎవరిదో నాకు తెలుసు. చెప్పకుంటె నాకు ముద్ద దిగదు.

ఆయన మైకుసెట్టు మనిషి. మా సరిహద్దు ఊర్లల్ల పెండ్లయినా, రాములోరి కల్యాణమైనా ఆయన తీగలే గుంజాలె. తోంగ్‌పాల్ ఊరి దాక పిలిచెటోళ్లు. ఎవరన్న తప్పిపోతె తెలుగుల, హిందీల, దోర్లిల, గోండిల పిలుస్తుండె. పిలిచి, మైకును తువ్వాలతోని తుడిచి, చెవి దగ్గర పెట్టుకొని చూస్తుండె, అవతలి నుంచి ఎవరో జవాబు చెప్తరన్నట్టు.

ఒక ఏడు కల్యాణంల మూడేండ్ల దోర్ల పిల్ల తప్పిపోయి ఆయన బల్ల కాడ కూసున్నది. పిల్ల పేరు ఎన్నిసార్లు పిలిచిండో లెక్క లేదు. తల్లి ఎక్కడికో పోలె. ఎనక బండ్ల కాడనే తిరుగుతున్నది. పిలుపు వింటనే ఉన్నది, కాని అది తన బిడ్డ పేరని పోల్చుకోలె. పొద్దుగుంకే యాళ్లకు బిడ్డ దొరికినంక ఆమె అన్నది, "అయ్యా, ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నట్టుండె. ఒకరి మాట మీద ఇంకొకరు పడుతుండ్రు."

ఆ మాట మా మరిదికి ముల్లు దిగినట్టు దిగింది. గీదం ఊర్ల ఎవరో ఆర్కెస్ట్రా బంద్ చేసి సామాన్లు అమ్ముకుంటుంటె పోయి ఒక నల్ల ఇనుప డబ్బా తెచ్చిండు. పల్చగ, వెడల్పుగ, రొట్టె పెనమంత బరువు. ముందర ఎర్రగ అంకెలు వెలుగుతయి.

"ఏంది మరిదీ ఇది?"

"మాటను లేటు చేసే డబ్బా వదినా."

"నీ పెండ్లికే నువ్వు మూడు గంటలు లేటుగ వచ్చినవు. నీకు డబ్బా ఎందుకు?"

నవ్విండు. నవ్వి, తీగ పట్టుకొని చెప్పిండు. "కరెంటు తీగల ఉరుకుతది. మాట గాలిల నడుస్తది. ముందరి స్పీకరు మాట నడిచి నడిచి ఎనకకు వచ్చేలోపల, ఎనకటి స్పీకరు తన మాట చెప్పేస్తది. అందుకే రెండు వినబడుతయి. ఉరికేదాన్ని జరసేపు ఆపితె రెండూ కలిసి వస్తయి."

నాకు అంతకంటె బాగ ఎవరూ ఏదీ చెప్పలె.

డబ్బా ఎనక ఒక తీగ లోపలికి, రెండు బయటికి. మూడు ముండ్ల పిన్నులు. "ఇది మగ పిన్ను, ఇది ఆడ పిన్ను" అని చూపిస్తుంటె, "మరి ఇద్దరి నడుమ నీకేం పని?" అన్న. సిగ్గుపడి పిన్ను కింద పడేసిండు. ముందర ఎడమ చేతి గుండీ మాట ఎంత బలంగ లోపలికి పోవాలో చెప్తది. దాని పక్క దీపం పచ్చగుంటె మంచిది, ఎర్రగైతె గొంతు చీలుతది. కుడి చేతిదే అసలు గుండీ, ఎంతసేపు ఆపాలో దానితోనే. చివర ఒక మీట. అది నొక్కితె డబ్బా ఉన్నా లేనట్టే, మాట ఆగకుండ పోతది.

నా పని ఎనకటి స్పీకరు కట్టిన స్తంభం కాడ. ఆయన మైకుల అడిగెటోడు, "వదినా, ఒకటా, రెండా?" రెండు వినబడితె ఊకుంటుంటి. ఆయన గుండీ వెంట్రుకంత తిప్పుతుండె. ఒకటైతె చెయ్యి ఎత్తుతుంటి. వచ్చిన జనం మొత్తం నవ్వుతుండె, "ముసలమ్మకు ఒకట్లు రెండ్లు నేర్పుతున్నడు" అని. నవ్వనీ. స్తంభం నాలుగడుగులు జరిపితె మళ్ల అడుగుతుండె. ఎండ ముదిరితె మళ్ల. చదువుకున్నోళ్లను అడగలె, నన్ను అడిగిండు. నా జీవితంల ఇంకెవరూ నన్ను అన్నిసార్లు "నీకేం వినబడుతున్నది?" అని అడగలె.

ముందర కుర్చీల కూసునే పెద్దలకు మాత్రం డబ్బా పడలె. వాళ్లకు ఎనకటి స్పీకరు మాట ఆలస్యంగ, సన్నగ వినబడుతుండె. "లేటు డబ్బా" అని పేరు పెట్టిండ్రు. ఆయన అంటుండె, "ముందరోళ్లకు మనిషి కనబడుతడు. ఎనకోళ్లకు మాటొక్కటే దిక్కు."

ఇగ నా తప్పు. బయటికి పోయే రెండు తీగల్ల ఎనకటిది నాకు తెలియాలని దానికి పసుపు దారం కట్టిండు. కల్యాణం పొద్దున ఎవరో భక్తురాలు స్తంభాలకు, బల్లకు కంకణాలు కట్టుకుంట పోయి, ముందరి తీగకు గూడ ఒకటి కట్టింది. మా మరిది జనరేటరు కాడ ఉన్నడు. నన్ను పిన్నులు పెట్టమన్నడు. రెండింటికీ పసుపు దారమే. రాములోరు చూసుకుంటడని తోచినట్టు గుచ్చిన. తారుమారైంది, లేటు మాట ముందరి స్పీకరుకు పోయింది. పంతులు నోరు మూసినంక మంత్రం వస్తున్నది! పంతులు భయపడి ఎనక్కి తిరిగి చూసిండు. జనం పడి పడి నవ్విండ్రు. కల్యాణం కమిటీ పెద్దమనిషి ఉరికొచ్చి, "మషీన్ ఖరాబ్ హై క్యా?" అని అరిచిండు.

నేను నోరు తెరిచేలోపల మా మరిది మైకుల చెప్పిండు, "తప్పు నాది. మాఫ్ కరో." నా దిక్కు చూసి వేలు పెదవి మీద పెట్టుకున్నడు. ఏం తప్పో చెప్పలె, ఖరాబు డబ్బా పెట్టుడే తప్పని జనం అనుకున్నరు. ఇంటికాడ కొట్లాడిన. "నా తప్పు నువ్వెందుకు మోసినవురా?" అంటె, "నిన్నంటె నువ్వు మళ్ల స్తంభం కాడికి రావు వదినా" అన్నడు.

దినాలైనంక కమిటీ కూసున్నది. ఈ కల్యాణానికి డబ్బా తీసేద్దామన్నడు పెద్దమనిషి, పోయినోని మీద గౌరవంతోనే అంటున్నమని. లేచి అంతా చెప్పిన.

"ఇన్నేండ్లు దాసినవా అక్కా?"

"దాసింది వాడు. నా నోరు మూయించిండు. వాడు పోయిండు, నా నోరు నాకొచ్చింది."

"సరే. కాని ముందర కూసుంటె లేటుగనే వినబడుతది గదా?"

"కుర్చీల కూసోని చెప్పకు. నా స్తంభం కాడికి రా."

మర్నాడు పగటిపూట ఖాళీ మైదానంల తీగలు గుంజినం. బల్ల కాడ ఆయన బిడ్డ, స్తంభం కాడ నేను, పెద్దమనిషి. ముందుగాల పిల్ల మీట నొక్కి, డబ్బా లేనట్టు చేసి పిలిచింది. పెద్దమనిషి చెవికి చెయ్యి అడ్డం పెట్టిండు. "ఏమంటున్నదీ పిల్ల?" మళ్ల పిలిచింది. తెల్వలె. మీట తీసి పిలిచింది. ఆయన మొకం మారింది. అది ఆయన పేరే. సొంత పేరు రెండుసార్లు పిలిచినా పోల్చుకోలె.

"ఉండనీ అక్కా డబ్బా" అని తలొంచుకొని పోయిండు.

గెలిచిన. ఇంటికి పోవచ్చు. కాని పిల్ల ఇంకా సరిచేస్తున్నది, గుండీ జర జర తిప్పుకుంట, మైకుల ఒక్కో మాట చెప్పుకుంట. మాట సాలచెట్ల దాక పోతున్నది. శుభ్రంగ, ఒక్కటే వస్తున్నది. ఇన్నేండ్లు రెండోది వద్దని నిలబడ్డదాన్ని. ఆ పగటిపూట మాత్రం దాని ఎనక 'వదినా' అనే ఇంకొక గొంతు ఎప్పుడొస్తదా అని చూసిన. చెయ్యి ఎత్తలె. దూరంగ బల్ల కాడ ఆ పిల్ల గుండీ మీద వేళ్లు పెట్టి, నా దిక్కే చూసుకుంట, ఎండల నిలబడే ఉన్నది.