బూజు అన్న మాట

ఆ ఉదయం జగ్గయ్యపేటలో, షావుకారుగారి పెరటి గాజు గదిలో ఉన్నవి: బెంగుళూరు నుంచి తెప్పించిన పామ్ మొక్కలు, ముప్పై ఆరు కుండీలు, ఎండ ఆపడానికి సున్నం పూసిన అద్దాల కప్పు, నీళ్ల తొట్టి, పాత పంచెగుడ్డ. ఉన్నవాళ్లం ముగ్గురం: షావుకారుగారు, ఆయన తోటమాలి, నందిగామ వ్యవసాయ డిపోలో కొత్తగా చేరిన నేను.

ఆకులు పాలిపోయి బూడిదరంగుకు తిరిగాయి.

"బూజు పడుతోంది బాబుగారూ. రోజూ కడుగుతానా, తెల్లారేసరికి మళ్లీ పడుతోంది," అన్నాడు తోటమాలి.

"నీ ఇంట్లో బూజు ఏనాడన్నా దులిపావుటోయ్?" అన్నారు షావుకారుగారు. నావైపు తిరిగి, "ఇవి పోతే ఇతనికి ఇక్కడ పనేముంటుందండీ?" అన్నారు. ఆ మాట మాత్రం నవ్వుతూ అన్నది కాదు.

కాలేజీలో మాకు బూజు తెగులని ఒక పాఠం. తేమలో పెరుగుతుంది, ఆకు తడవకూడదు. సంచిలో భూతద్దం ఉంది, తీయలేదు. ఆకు తిప్పి చూడలేదు. ఆ తెగులుకు మందుగా మైలుతుత్తం, సున్నం విడివిడిగా కరిగించి కలిపాను. పాళ్లు కుదిరాయో లేదోనని మెరిసే చాకు ముంచి, రాగి పట్టలేదని చూసుకుని కొట్టించాను. ఆకులు కడగడం మానేయమన్నాను.

"కడక్కపోతే ఎట్టా బాబుగారూ, వేసవి గదా?"

"తడి తగిలితే ముదురుతుంది."

చదువుకున్నవాణ్ణని నా మాట విని, పంచెగుడ్డ పిండి ఆరేశాడు.

మూడు వారాలకు మళ్లీ వెళ్లాను. గది పొయ్యిలా ఉంది. ఆకుల మధ్య సన్నని దారాలు. తెల్లకాయితం పట్టి ఆకు దులిపితే ఎర్రని చుక్కలు పడ్డాయి, పడి నడిచాయి. ఎర్రనల్లి; ఆ దారాలు అల్లేది అదే. అతను చెప్పింది సాలెగూడు లాంటి బూజు. పొడిగాలిలో పెరిగే పురుగు ఎర్రనల్లి. రోజూ కడుగుతూ దాన్ని అదుపులో ఉంచినవాడు అతనే. మాన్పించింది నేను.

సబ్బునీళ్లతో కడిగించి గంధకం పొడి చల్లించాను. కొత్త ఆకు వచ్చే నడిమి మొవ్వులు పట్టి లాగితే చేతికొచ్చాయి. లాభం లేదని తెలిసీ చల్లిస్తూనే ఉన్నాను.

తప్పు నాదని షావుకారుగారికి చెప్పాను. ఎక్కడెక్కడ పొరబడ్డానో వరసగా చెప్పాను.

"మీది మంచి మనసండీ. వాడే మీరు చెప్పినట్టు చేసుండడు."

"చేశానండీ," అన్నాడు తోటమాలి.

సాయంత్రానికి షావుకారుగారికి గాజు గది తాళంచెవి ఇచ్చేశాడు. బస్సుదాకా నాతో నడిచాడు. ఇక్కడ ఎన్నాళ్లుగా చేస్తున్నావని అడిగాను.

పంతొమ్మిదేళ్లు అన్నాడు.